తెల్లరంగు వేసిన గట్టు

నేను ఉద్యోగం చేసిన రోజుల్లో నా సైకిలు వెనక మూడు రంగు డబ్బాలు కట్టి ఉండేవి. తెలుపు, పసుపు, ఎరుపు. తెలుపు డబ్బా ఏడాదికి రెండుసార్లు కొత్తది తెచ్చుకునేవాణ్ణి. పసుపు ఒక్కటే ఏడాదంతా వచ్చేది. ఎరుపు డబ్బా మూత నేను మొదటిసారి తీయడానికి పదేళ్లు పట్టింది. అప్పటికి పైన మందంగా పొర కట్టేసి ఉంటే, కర్రతో పొడిచి, అడుగున మిగిలిన రంగును కలపవలసి వచ్చింది. ఆ పదేళ్ల గురించే ఈ నాలుగు మాటలు. గొప్పగా చెప్పుకునేవి కావు. లోపల దాచుకుని దాచుకుని విసుగొచ్చి రాస్తున్నాను.

ఉప్పలగుప్తం దాటి సముద్రం వైపు వెళ్తే, తొంభైలలో వరిచేల మధ్య రొయ్యల చెరువులు లేచాయి. చెరువు తవ్వారనేవాళ్లు గానీ నిజానికి తవ్వింది తక్కువ. చేలో పైమట్టి గీకి, నాలుగు వైపులా గట్టు పోసి, ఉప్పుటేటి నుంచి ఇంజనుతో నీళ్లు తోడి నింపేవారు. ఆ నీళ్లు నేల మీద మనిషెత్తు నిలిచేవి. పక్క చేలో వంగి ఊడ్పులు ఊడ్చే ఆడవాళ్ల తలల కంటే ఎత్తులో రొయ్యలు ఈదుతూ ఉండేవి. మధ్యన అడ్డం ఉన్నది ఆ మట్టి గట్టు ఒక్కటే. గట్టు ఒకరి సొంతం, దాని కింద చేను ఇంకొకరిది. గట్టు తెగితే పోయేది కిందవాడి చేను, కానీ ఆ గట్టు మీద గుప్పెడు మట్టి వేసే హక్కు కిందవాడికి లేదు.

ఒక తుఫానులో అలాంటి గట్లు చాలా తెగిపోయాక, ఊళ్లో ఉన్న సొంత గట్లన్నీ ఏటా చూసి రకం కట్టమని మా ఆఫీసుకు కాగితం వచ్చింది. గట్టుకు ఈ చివర ఒక రాయి, ఆ చివర ఒక రాయి పాతాలి. గట్టు బాగుంటే రాళ్లకు తెల్లరంగు. ఆ ఏడు మరమ్మతు చేయాలంటే పసుపు. మరమ్మతు అయ్యేదాకా నీళ్లే నింపకూడదంటే ఎరుపు. ఇంజినీరుగారికి తీరిక లేదు. నేను వర్క్ ఇన్‌స్పెక్టర్ని, తీరికలోనే పుట్టినవాణ్ణి. రిజిస్టరూ డబ్బాలూ నాకు వచ్చాయి.

గట్టు చూడటం నాకు నేర్పింది పైచదువులు కాదు, మా ఆఫీసులో కాలువ తలుపులు ఎత్తుతూ దించుతూ ముసలివాడైపోయిన లస్కరు. మొదటి రోజే ఆయన నా చేత చెప్పులు విప్పించారు.

"గట్టు పైన నడిస్తే ఏం తెలవదండి. కింద నడవాలండి, బయటి వైపు మొదట్లో. వట్టి కాళ్లతోనండి."

ఆయన ముందు నడిచారు. ఒకచోట ఆగి, కాలి మడమతో నొక్కి, ఊరిన చెమ్మను వేలితో తీసి నాలుకకు రాసుకున్నారు.

"చప్పగా ఉంటే వాన నీరండి. ఉప్పగా ఉంటే చెరువు నీరు గట్టులోంచి వస్తున్నట్టండి. ఆయ్, ఇంతేనండి. ఇందులో ఇంకో ఇంజినీరింగేం లేదండి."

అంత తేలికైన పని చేయడానికి కూడా మాకు వీలు కుదరలేదు. ఎందుకంటే చెమ్మ కనపడాలంటే చెరువులో నీళ్లుండాలి. నీళ్లుంటే లోపల రొయ్య ఉంటుంది. రొయ్య ఉండగా బయటి మనిషి గట్టు ఎక్కకూడదని మా వైపు గట్టి పట్టింపు. కొత్త కాలు పడితే రోగం వస్తుందని కొందరు, దిష్టి తగులుతుందని కొందరు. ఇంటి ఆడవాళ్లను కూడా రానిచ్చేవారు కాదు. అందుకని చెరువు ఎండగట్టి, అడుగు నెర్రెలు ఇచ్చాక, మే నెలలో మమ్మల్ని పిలిచేవారు. పిలిచిన రోజున వెళ్లాలి. ముందు ఫలహారం, తరువాత గట్టు, తరువాత భోజనం. చుక్క నీరు లేని చెరువు చుట్టూ, పొడిగా ఎండిన గట్టు మీద, కడుపునిండా తిని నడిచి, నీటికి ఈ గట్టు ఆగుతుందని రాసి వచ్చేవాణ్ణి. ఒకరి ఇంట్లో విస్తరి ముందు కూర్చుని లేచాక వాళ్ల గట్టు రాయికి ఎర్రరంగు వేయడం మా గోదావరి మనిషికి చేతకాదు. ఆ సిగ్గులేని పని చేసే ధైర్యం నాకుంటే ఇంకో చోట పుట్టి ఉండేవాణ్ణి.

మా అక్కను ఆ చెరువులున్న ఊళ్లలో ఒక దానికే ఇచ్చారు. మా బావగారు ఇద్దరు అన్నదమ్ముల్లో చిన్నవారు. పంపకాల్లో ఏటి పక్క భూమి ఆయన అన్నగారికి, అంటే నేను పెద్దబావగారు అని పిలిచే మనిషికి వచ్చింది. దాని కిందనే ఉన్న ఎకరం ముప్పావు చేను, చుట్టూ ఉన్న పద్నాలుగు కొబ్బరి చెట్లు మా బావగారికి వచ్చాయి. అక్కకు పిల్లలు కలగలేదు. ఆ చేనే ఆమె లోకం. ఏ మడిలో ఏ మూల నీరు నిలుస్తుందో, ఏ చెట్టు గెలకు ఎన్ని కాయలు దిగుతాయో ఆమెకు తెలుసు. కూలీలతో పాటు తనూ ఊడ్పుల్లోకి దిగేది. చేలోంచి వచ్చిన బియ్యంతో వండిన అన్నం పెట్టి, రుచి ఎలా ఉందని ప్రతిసారీ అడిగేది. బాగుందంటే ముఖం చూడాలి ఆవిడది.

పెద్దబావగారు తన భూమిని చెరువు చేస్తున్న వేసవిలో నేను రెండు రోజులు అక్క ఇంట్లో ఉన్నాను. అక్క చేను వైపు గట్టు వచ్చే దారిలో చేలకు నీరు పారే పాత పంట బోదె ఒకటి అడ్డంగా పోయేది. అక్కడ బురదలో మట్టి ట్రాక్టరు కూరుకుపోయింది. చెరువు కోసం కొట్టేసిన కొబ్బరి చెట్లు పక్కనే పడి ఉన్నాయి కదా, వాటి మొద్దులు నరికి, బోదె మీద ఒకదాని పక్కన ఒకటి పరిచారు. ట్రాక్టరు వాటి మీద నుంచి హాయిగా తిరిగింది. పని అయ్యాక ఆ మొద్దులు తీయలేదు. వాటి మీదే మట్టి పోసి గట్టు లేపేశారు. మొద్దుల ఒక కొస చెరువు వైపు, ఇంకో కొస మా అక్క చేను వైపు.

"ఇవి తీయించేస్తారా అండీ?" అని అడిగాను.

"తీస్తే మళ్లీ బండి దిగబడదూ," అన్నారు పెద్దబావగారు. "అయినా లోపలుంటే నష్టం ఏముందయ్యా, గట్టుకి బలం."

కొబ్బరి మాను సంగతి మా ప్రాంతంలో ఎవరికీ ఒకరు చెప్పనక్కర్లేదు. పైన ఇనుము, లోపల పిప్పి. తడిలో పడేస్తే మూడు నాలుగేళ్లకు పిప్పి కుళ్లి జారిపోయి, పైపెంకు గొట్టంగా మిగులుతుంది. అలా మిగిలిన గొట్టాలను తూముల కింద వాడుకున్నవాళ్లం మేమే. నాకు తెలుసు. ఆయనకు తెలుసు. ట్రాక్టరు తోలేవాడికి కూడా తెలుసు. ముగ్గురం నిలబడి ఆ మొద్దులు మట్టిలో మునిగిపోవడం చూశాం.

మరుసటి ఏడు సంక్రాంతి వెళ్లాక ఒకసారి అక్క ఇంటికి వెళ్లాను. చెరువు నిండుగా ఉంది. అన్నం తిన్నాక చేను చూద్దువుగాని రమ్మని అక్క బయలుదేరదీసింది. పాత బోదె ఉండే చోటికి, గట్టు మొదటికి తీసుకెళ్లింది.

"తమ్ముడూ, చెప్పులు తీసెయ్. ఇక్కడ నించో."

నించున్నాను. మధ్యాహ్నపు ఎండలో కూడా అరికాలు చల్లగా తగిలింది. అక్క వంగి చెమ్మ తీసి నోట్లో పెట్టుకుంది. లస్కరు ఆవిడకు ఎప్పుడూ చెప్పలేదు. తనకు తానే తెలుసుకుంది.

"ఉప్పురా. మజ్జిగలోకి సరిపోద్ది, నువ్వూ చూడు," అని నవ్వింది.

నేనూ చూశాను. నిజంగానే ఉప్పు. అంత ఉప్పు వానలో ఉండదు.

"ఈ పక్క మడిలో పిలకలు కురచగా వచ్చేయి. ఆ చివరి చెట్టుకి పిందెలు రాలిపోతున్నాయి," అంది అక్క. ఈసారి నవ్వలేదు. "మీ బావగారితో చెప్పేను. అన్నయ్యగారి గట్టు సంగతి నీకెందుకన్నారు. పెద్దాయనతో నేను చెప్తే, చిన్నకోడలు నోరెత్తిందంటారు. ఇంక నువ్వే ఉన్నావు. ఎరుపు వేసేవంటే ఆయన గట్టు తవ్వించి ఆ మొద్దులు తీయించక తప్పదు కదా. తీయించకపోతే నీళ్లు పెట్టనివ్వరు కదా."

"అవును," అన్నాను.

"ఒక్క ఎర్రచుక్క వెయ్యరా. ఇంకేం అడగను నిన్ను."

వేస్తానని మాట ఇచ్చాను. చెయ్యి పట్టుకుని మరీ ఇచ్చాను.

మే నెలలో పెద్దబావగారి దగ్గర నుంచి పిలుపు వచ్చింది. ముందు రోజు సాయంత్రమే అక్క ఇంటికి చేరాను. అక్క దొడ్లో ఉండగా మా బావగారు వీధి అరుగు మీద నా పక్కకు వచ్చి కూర్చున్నారు. మామూలుగా నన్ను ఏడిపించే మనిషి. ఆ రోజు తువ్వాలు మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టారు.

"బావమరిదిగారూ, మీ అక్క మీతో ఏదో అందంట," అన్నారు చివరికి.

"గట్టు కారుతోందండీ. నేనే చూశాను."

"కారుతోందండి. నాకు తెలీదా. కానీ మా నాన్నగారు పోయేక నాకు అన్నం పెట్టింది అన్నయ్యగారండి. నా చదువు ఆయనది, నా పెళ్లి ఆయనది. అలాంటి మనిషి గట్టుకి నా బావమరిది వచ్చి ఎరుపు కొట్టేడంటే, రేపు ఆ గుమ్మం నేనెలా ఎక్కనండి? ఊళ్లో ముఖం ఎక్కడ పెట్టుకోనండి?"

"చేను పోతుంది కదండీ."

"పోతే నాదే కదండి పోతుంది," అన్నారు ఆయన నెమ్మదిగా. "నా చేను గురించి నేనే ఊరుకుంటున్నాను. మీరెందుకండి మధ్యన."

ఆ మాటకు ఇప్పుడైతే నా దగ్గర జవాబు ఉంది. చేను ఆయన ఒక్కడిది కాదని, ఊడ్చి, కలుపు తీసి, నాలుక మీద ఉప్పు రాసుకుని మరీ చూసుకున్న మనిషిది కూడా అని చెప్పాలి. అప్పుడు ఆ జవాబు తట్టలేదు. తట్టినా అనేవాణ్ణని నాకు నమ్మకం లేదు.

మర్నాడు పెద్దబావగారు వాకిట్లోకి ఎదురొచ్చారు.

"రండి ఇనస్పెక్టరుగారూ. ముందు ఫలహారం కానివ్వండి. గట్టు ఎక్కడికీ పోదు."

పెసరట్లు పెట్టారు. రెండు చాలంటే నాలుగు వేశారు. తరువాత గట్టు మీదకు వెళ్లాం. చెరువు అడుగు నెర్రెలిచ్చి ఉంది. పాత బోదె చోట గట్టు మొదట్లో చెమ్మ లేదు. అప్పుడు చెమ్మ ఉన్న మేర ఉప్పు మాత్రం పొడిగా తెల్లగా తేలి ఉంది, చేటంత వెడల్పున. నేను దాని ముందు నిలబడిపోయాను.

"అది పాత చేను ఉప్పండి. ఎప్పటినుంచో ఉంది," అన్నారు పెద్దబావగారు. గొంతులో కోపం లేదు. బెదిరింపు అంతకంటే లేదు. ఎంతో మర్యాదగా చెప్పారు. బెదిరించి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. బెదిరిస్తే నాకూ కోపం వచ్చేది. కోపంలో ఎరుపు మూత తీసి ఉండేవాణ్ణేమో.

తెలుపు డబ్బా మూత తీశాను. కుంచె ముంచి రాయికి వేశాను. ఎండకు ఆ రంగు కళ్లలో పొడిచింది. కింద చేలో రాలిన కొబ్బరి మట్టలు పోగుచేస్తున్న అక్క నడుం ఎత్తి రాయి వైపు చూసింది. కాసేపు చూసి మళ్లీ వంగింది. మట్టలు ఈడ్చుకుంటూ ఇంటి వైపు వెళ్లిపోయింది.

పెద్దబావగారింట్లో భోజనం చేసి, సాయంత్రం అక్కకు చెప్పి వెళ్దామని వచ్చాను. మజ్జిగ ఇచ్చింది. తాగాను. అందులో ఉప్పు లేదు. గ్లాసు కింద పెట్టి సైకిలెక్కాను.

ఆ మరుసటి ఏడు కూడా తెలుపే వేశాను. ఒకసారి తెలుపు వేసిన చేత్తో ఎరుపు వేస్తే, నిరుడు నేను రాసింది తప్పని నేనే ఒప్పుకున్నట్టు. ఆ తరువాతి ఏడూ తెలుపే. మూడు పూతలు పడి రాయి నున్నగా అయింది. అక్క మళ్లీ ఆ మాట ఎత్తలేదు. పక్క మడిలో ఊడ్చడం మానేసింది. చివరి చెట్టు మొవ్వు ఎండింది. మిగిలిన చేను మాత్రం బాగానే ఉండేది. అందువల్ల ఇది ఇలాగే గడిచిపోతుందని నాకు నేను చెప్పుకునేవాణ్ణి.

మూడో ఏడు కార్తీకంలో అల్పపీడనం పట్టి మూడు రోజులు వదలకుండా కురిసింది. వరి పాలు పోసుకుంటోంది. చెరువులో రొయ్య పట్టుబడికి వచ్చింది. గట్టు అంచు దాకా నీళ్లు నిలిచినా, రొయ్య కొట్టుకుపోతుందని పెద్దబావగారు తూము ఎత్తలేదు. నాలుగో రోజు ఉదయం వాన వెలిసింది. పది గంటలకు నేను ఆఫీసులో ఉండగా ఆ ఊరి మనిషి ఒకాయన వచ్చి, గట్టు తెగిందండీ, మీ అక్కగారి చేను వైపేనండీ అని చెప్పారు.

సైకిలు తొక్కుకుంటూ వెళ్లాను. దారిలో ఎదురైన వాళ్ల చేతుల్లో బుట్టలు, బిందెలు, దోమతెరలు. ఊరంతా అటే పరిగెడుతోంది. చేరేసరికి మా అక్క చేలో వందమంది ఉన్నట్టున్నారు. మోకాలి లోతు ఉప్పునీళ్లలో, వెన్ను తొడిగిన వరి తొక్కుకుంటూ, రొయ్యలు ఏరుకుంటున్నారు. వరి కంకుల మధ్య రొయ్యలు ఎగిరెగిరి పడుతున్నాయి. పిల్లలు కేరింతలు కొడుతున్నారు. గట్టు మీద నిలబడి పెద్దబావగారు, అవి నావండీ, దయచేసి ఎవరూ తీసుకోకండీ అని గొంతు పోయేలా బతిమాలుతున్నారు.

మా బావగారు కనిపించారు. పంచె ఎగగట్టి, తన చేలోనే, తన వరి తొక్కుతూ, బుట్టలో రొయ్యలు ఏరి అన్నగారికి అందిస్తున్నారు. నన్ను చూసి తల దించుకున్నారు. ఏరడం మాత్రం ఆపలేదు.

గండి పాత బోదె దగ్గరే పడింది. మట్టి కోసుకుపోయాక రెండు మొద్దులు బయటపడి నిలిచాయి. ఒకదాని ముందు వంగి చూశాను. అది మొద్దు కాదు, గొట్టం. లోపల పిప్పి లేదు. ఈ కొస నుంచి చూస్తే ఆ కొసన చెరువు వెలుగు కనిపిస్తోంది. అంత స్పష్టంగా తప్పు కనపడటం నా ఉద్యోగంలో మరెప్పుడూ జరగలేదు. గండికి పదిగజాల దూరంలో తెల్లరాయి చెక్కు చెదరకుండా ఉంది.

అక్క చేను మూల నిలబడి ఉంది. ఏడవడం లేదు. దగ్గరకు వెళ్లాను.

"ఒక్క ఎర్రచుక్క అడిగేను నిన్ను," అంది. అంతే. మళ్లీ జీవితంలో ఆ మాట అనలేదు.

గట్టు ఎందుకు తెగిందో నివేదిక రాయవలసింది కూడా నేనే. అధిక వర్షం వల్ల అని రాశాను. మొద్దుల మాట రాస్తే, నిర్మాణం చూసి కూడా మూడేళ్లు తెలుపు ఎవరు వేశారని అడుగుతారు. ఎప్పటిలాగే చక్కగా సంతకం పెట్టాను. అదే ఇప్పటికీ నాకు రోత పుట్టించేది.

నీళ్లు తొమ్మిది రోజులు నిలిచాయి. పంట కుళ్లింది. అది ఒక పంట అనుకుంటే సరిపోయేది. ఉప్పు నేలలో దిగిపోయింది. కాలువ నీళ్లు పెట్టి కడిగారు, దున్నారు, మళ్లీ కడిగారు, జిప్సం చల్లారు. మరుసటి సార్వాకు నారు వేస్తే వారం రోజుల్లో చివర్లు మాడి, వడలి పడిపోయింది. అక్క మళ్లీ నారు తెచ్చి తన చేత్తో ఊడ్చింది. అదీ పోయింది. కొబ్బరి చెట్లు మనిషిలా ఒక్కసారి చావవు. ముందు పిందె రాలుతుంది, తరువాత మట్టలు వేలాడతాయి, ఏడాదికో రెండేళ్లకో మొవ్వు విరిగి పడుతుంది. పద్నాలుగు చెట్లూ ఒక్కొక్కటే అలా పోతుంటే అక్క ఇంటి కిటికీ ఆ వైపు మూసేసింది.

పెద్దబావగారు గండి పూడ్పించి మళ్లీ నీళ్లు పెట్టారు. మొద్దులు తీయించారు. ఈసారి గట్టు నిజంగానే బాగుంది. తెల్లరంగు వేశాను. ఆ గట్టుకు అంతవరకు నేను రాసిన రకాల్లో నిజమైనది అది ఒక్కటే, కానీ అప్పటికి కాపాడటానికి దాని కింద చేను లేదు. తరువాత మా బావగారు ఆ ఎకరం ముప్పావును కూడా అన్నగారి చెరువు కోసం ఇచ్చేశారు, దాని చుట్టూ గట్టు పోయడం మాత్రం ఎప్పటికీ జరగలేదు. వరి పండని నేల ఇంకెందుకండి అన్నారు. చెరువుకు కాపలా పని ఆయనే చేసేవారు. అన్నగారు పిలిచి ఇచ్చారని గొప్పగా చెప్పుకునేవారు కూడా.

అక్క మస్కట్ వెళ్లింది, ఒక ఇంట్లో వంటకు, పిల్లల్ని చూసుకోవడానికి. తన వంట తిని రుచి ఎలా ఉందో చెప్పమని అడిగిన మనిషి, భాష తెలియని వాళ్లకు వండిపెట్టడానికి వెళ్లింది. బస్సు ఎక్కించడానికి నేనే అమలాపురం వెళ్లాను. తిండి వేళకు తినమని, ఎండలో సైకిలు తొక్కవద్దని నాకు జాగ్రత్తలు చెప్పింది. నన్ను తిట్టి ఉంటే తేలికపడేవాణ్ణి. తిట్టలేదు.

రెండు వేలు దాటిన తరువాత ఆ చెరువు రొయ్యకూ తెల్లమచ్చ రోగం తగిలింది. ఒక పంట పోయింది, ఇంకొకటి పోయింది. పెద్దబావగారు ఇంజన్లు విప్పించి, అమలాపురంలో కొడుకు దగ్గరికి వెళ్లిపోయారు. చెరువు అలాగే వదిలేశారు. ఎవరూ గట్టు మీద మట్టి వేయలేదు. పీతలు బొక్కలు పెట్టాయి. వానలకు అంచులు జారాయి. అయినా నా రిజిస్టరులో ఆ గట్టు ఉంది కాబట్టి ఏటా వెళ్లి రాయాల్సిందే. ఒకసారి రిజిస్టరులోకి ఎక్కిన గట్టును తీసేయడానికి ఏ కాగితమూ లేదు.

ఆ సెక్షన్‌లో నా ఆఖరి ఏడు అది. మే నెలలో నన్ను ఎవరూ పిలవలేదు. పిలవడానికి యజమాని లేడు, ఫలహారం లేదు, మంచి రోజు చూసేవాళ్లు లేరు. శ్రావణంలో, చెరువు వాన నీళ్లతో నిండాక నాకు నేనే వెళ్లాను. చెప్పులు విప్పి గట్టు మొదట్లో నడిచాను. ఒకటి కాదు, నాలుగు చోట్ల కాలు దిగబడింది. వంగి నాలుకకు రాసుకున్నాను. వాన నీరు నిండిన చెరువు. అయినా ఉప్పే. అడుగున ఆ ఉప్పు అలాగే ఉంది.

ఎరుపు డబ్బా మూత చాకుతో లేపాను. పొర పొడిచి, కర్రతో కలిపి, కుంచె ముంచాను. పాత తెలుపు మీద ఎరుపు ఒక పట్టాన పట్టలేదు. రెండు పూతలు వేశాను. డబ్బా వంగి రంగు చేతి మీదకు, మణికట్టు దాకా కారింది.

అక్క రెండు నెలల సెలవు మీద వచ్చి ఉంది. నేను వచ్చానని ఎవరో చెప్పారు కాబోలు, గట్టు మీదకు వచ్చింది. జుట్టు బాగా నెరిసింది. రాయి దగ్గర నిలబడి కాసేపు చూసింది. కింద ఆవిడ చేను ఉండే చోట తుంగ మొలిచి, మొవ్వులు విరిగిన నాలుగు మానులు నిలబడి ఉన్నాయి.

"ఇప్పుడెందుకురా ఇది," అంది. "దీని కింద ఎవరున్నారు."

నేను ఏదో చెప్పబోయాను. రిజిస్టరనో, ఉద్యోగమనో. నోరు తెరిస్తే ఏడుపు వచ్చింది. నలభై ఏళ్లు దాటినవాణ్ణి, ఆ గట్టు మీద కూర్చుని ఏడ్చాను. అక్క ఓదార్చలేదు. ఇంటికి రమ్మంది.

ఇంటికి తీసుకెళ్లి, గిన్నెలో కిరసనాయిలు పోసి, పాత గుడ్డ ముంచి, నా చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని తుడిచింది. మా బావగారు గుమ్మంలో నిలబడి చూసి లోపలికి వెళ్లిపోయారు. అక్క అరచేతులు గరుకుగా తగిలాయి. ఊడ్పుల రోజుల్లో కూడా అంత గరుకుగా లేవు. మణికట్టు మీది రంగు పోయింది, వేళ్ల మీదిదీ పోయింది. గోళ్ల మొదట్లో ఎర్రగా మిగిలింది. గుడ్డ పిండి మళ్లీ రుద్దింది గానీ వదల్లేదు.

"గోళ్లలోది పోదురా," అంది. "పెరిగేక కత్తిరించుకో."

అవి పెరిగేలోపు అక్క సెలవు అయిపోయింది.